ఎలుగుబంటికి ఏ తుపాకీ? సరిహద్దు దాటాక ఏ చట్టం?

సియాటిల్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్లకి ఓ పదేళ్లు గడిచాక అలాస్కా పురుగు కుడుతుంది. విమానంలో వెళ్లి ఓడెక్కి ఫోటోలు దిగి వచ్చేవాళ్లు ఎక్కువ. కొంతమందికి మాత్రం కారులోనే వెళ్లాలని పట్టుదల. అలా వెళ్లాలంటే రెండు వేల పైచిలుకు మైళ్లు, మధ్యలో కెనడా. దారిలో ఎలుగుబంట్లు. ఇక్కడే మొదలవుతుంది అసలు చర్చ: "పెద్ద రివాల్వర్ ఒకటి వెంట ఉంటే మంచిదేమో కదా?"

ఈ ప్రశ్న నన్ను అడిగినవాడు మా వీధిలోనే ఉండే కుర్రాడు. పలాస దగ్గరి ఉద్దానం పల్లెవాడు. వాళ్ల జీడితోటల్లో ఎలుగుబంటి అంటే పంచతంత్రం కథ కాదు. పొద్దున్నే జీడిపిక్కలు ఏరడానికి వెళ్లిన మనిషి ముఖం చీరుకుపోయి ఆసుపత్రికి వెళ్లడం అక్కడివాళ్లకి తెలిసిన సంగతే. "అన్నా, మా ఊరి ఎలుగ్గొడ్డు నూట యాభై కిలోలు కూడా ఉండదు. అదే మనిషిని అంత చేస్తే, అలాస్కాది ఏం చేస్తుందో! పిల్లలు కూడా వస్తున్నారు" అన్నాడు. అతని భయాన్ని నేను తేలిగ్గా తీసుకోలేదు. అలాస్కా తీరంలో సాల్మన్ చేపలు తిని బలిసిన మగ గోధుమరంగు ఎలుగు ఐదు వందల కిలోలు దాటగలదు. పైగా 1997 ఆగస్టులో, అదే అలాస్కా హైవే మీద బ్రిటిష్ కొలంబియాలోని లియార్డ్ వేడినీటి బుగ్గల దగ్గర ఒక నల్ల ఎలుగుబంటి ఇద్దరిని చంపింది. అందరూ ఆగి స్నానాలు చేసే చోటు అది. మేమూ ఆగాలనుకున్న చోటే.

నా దగ్గర రివాల్వర్ ఉంది. రేంజ్‌కి వెళ్లే అలవాటూ ఉంది. అందుకే ముందు తుపాకీ సంగతి, ఆ తర్వాత చట్టం సంగతి అతనికి వివరంగా చెప్పాను. ఆ చెప్పినవే ఇక్కడ రాస్తున్నాను.

నలభై నాలుగు అంటే ఏమిటి

కాలిబర్ అంటే గుండు అడ్డుకొలత, అంగుళంలో వందో వంతుల లెక్కన. .44 అంటే అంగుళంలో నూటికి నలభై నాలుగు పాళ్లు అనుకోవాలి. అనుకోవాలి అంటున్నాను ఎందుకంటే నిజానికి ఆ గుండు .429 అంగుళాలే. పేర్లు పాత అలవాటు కొద్దీ మిగిలిపోయాయి. గుండు బరువుని గ్రెయిన్లలో చెబుతారు. ఇది మనకి కొత్త లెక్క కాదు. బ్రిటిష్‌వాళ్ల కాలంలో మన తులాన్ని సరిగ్గా 180 గ్రెయిన్లుగా ఖాయం చేశారు. ఎలుగుబంట్ల కోసం వాడే 300 గ్రెయిన్ల గుండు పందొమ్మిది గ్రాముల పైన, ఇవాళ్టి పదిగ్రాముల తులం ప్రకారం దాదాపు రెండు తులాల సీసం. దాన్ని సెకనుకి వెయ్యి అడుగులకి పైబడిన వేగంతో పంపిస్తే, ఆ తన్ను ముందుకెంతో వెనక్కీ అంతే. ఆ వెనక తన్ను తీసుకునేది మన మణికట్టు.

పెద్ద రివాల్వర్ల చరిత్ర ఆసక్తిగా ఉంటుంది. 1935లో .357 మాగ్నమ్ వచ్చింది. ఎల్మర్ కీత్ అనే ఐడహో పశువులకాపరి, తుపాకుల మీద రాసే రచయిత, .44 స్పెషల్ తూటాల్లో మందు ఎక్కువ దట్టించి ఏళ్ల తరబడి ప్రయోగాలు చేశాడు. కంపెనీల వెంటపడ్డాడు. దాని ఫలితంగా 1955 చివర్లో స్మిత్ అండ్ వెస్సన్ .44 మాగ్నమ్ రివాల్వర్ పుట్టింది. దానికే తర్వాత మోడల్ 29 అని పేరు పెట్టారు. 1971లో క్లింట్ ఈస్ట్‌వుడ్ 'డర్టీ హ్యారీ' సినిమాలో అది పట్టుకుని నిలబడ్డాక, ఎన్నడూ ఎలుగుని చూడనివాళ్లు కూడా కొట్ల ముందు క్యూ కట్టారు. ఆ తర్వాత .454 కాసుల్, 2003లో స్మిత్ అండ్ వెస్సన్ వారి .500 మాగ్నమ్ వచ్చాయి. ఈ చివరిదాని గుండు అరంగుళం అడ్డుకొలత. పొడుగు గొట్టం మోడల్ ఖాళీగా ఉన్నప్పుడే రెండు కిలోలు తూగుతుంది. సిలిండర్‌లో పట్టేవి ఐదే తూటాలు.

కొనేవాడు ముందు చూసేది శక్తి. అది సహజం. .357 కంటే .44 మాగ్నమ్ శక్తి దాదాపు రెట్టింపు, .454 అంతకు దాదాపు రెట్టింపు, .500 ఇంకా పైన. కాగితం మీద చూస్తే ఎక్కువ ఉన్నదే మంచిదనిపిస్తుంది. కానీ ఎలుగుబంటి కాగితం మీద రాదు. అది గంటకి ముప్ఫై అయిదు మైళ్ల వేగంతో పరిగెత్తగలదు, అంటే సెకనుకి యాభై అడుగులు. యాభై గజాల దూరంలో పొదలోంచి బయల్దేరితే మన దగ్గరికి రావడానికి మూడు సెకన్లు. ఆ మూడు సెకన్లలో ఒరలోంచి తీయాలి, గురి చూడాలి, పేల్చాలి, వెనక తన్నుకి పైకి లేచిన గొట్టాన్ని కిందికి దించి మళ్లీ పేల్చాలి. .500తో మొదటి దెబ్బ తప్పితే రెండో దెబ్బకి వ్యవధి ఉండదు. .44తో సాధన ఉన్నవాడికి రెండోది, బహుశా మూడోదీ దొరుకుతుంది.

అందుకని నేను చెప్పే లెక్క ఇది. మీరు పదిసార్లు వరసగా కాల్చినా చెయ్యి వణకని కాలిబర్ ఏదో, అదే మీకు పెద్ద కాలిబర్. చాలామందికి అది .44 దగ్గర ఆగుతుంది. కొందరికి .357 దగ్గరే ఆగుతుంది, అందులో నామోషీ ఏమీ లేదు. రివాల్వర్‌లో ఒక సుఖం ఉంది: .44 మాగ్నమ్‌లో .44 స్పెషల్ తూటాలు పేల్చుకోవచ్చు, .357లో .38 స్పెషల్, .454 కాసుల్‌లో .45 కోల్ట్. మెత్తటి తూటాలతో చెయ్యి అలవాటు చేసుకుని తర్వాత గట్టివాటికి వెళ్లొచ్చు. తలకిందులుగా మాత్రం కుదరదు.

మిగతావి చిన్న విషయాల్లా కనిపిస్తాయి కానీ కావు. తేలికపాటి లోహంతో చేసిన రివాల్వర్ నడుముకి హాయి, చేతికి నరకం. బరువైనది కొట్టులో ఇబ్బందిగా అనిపిస్తుంది, కాల్చేటప్పుడు దణ్ణం పెట్టాలనిపిస్తుంది. రూగర్ సూపర్ బ్లాక్‌హాక్ లాంటి సింగిల్ యాక్షన్ తుపాకీకి ప్రతిసారీ సుత్తి వెనక్కి లాగాలి. కంగారులో డబుల్ యాక్షన్ మేలు, ట్రిగ్గర్ నొక్కితే చాలు. మనుషుల కోసం చేసిన బోలు ముక్కు తూటా చర్మం కిందే విచ్చుకుని ఆగిపోవచ్చు. ఎలుగు కండ, ఎముక దాటి లోపలికి వెళ్లాలంటే చదును ముక్కున్న గట్టి సీసపు గుండు కావాలి. వీపుకి సంచీ తగిలించుకునేవాళ్లకి నడుం మీది ఒర అందదు, రొమ్ము మీద కట్టుకునేది తీసుకోవాలి. ఇంతా చేసి డిక్కీలో సూట్‌కేసు అడుగున పెడితే అది రెండు కిలోల ఇనుము మాత్రమే.

ఇవన్నీ విని మా కుర్రాడు "అయితే రూగర్ వాళ్ల 'అలాస్కన్' బాగుంటుందన్నా, పేరులోనే ఉంది" అన్నాడు. రెండున్నర అంగుళాల గొట్టం, పొట్టిగా, బలిష్ఠంగా ఉండే రివాల్వర్ అది. పేరుకి అలాస్కన్. కారులో అలాస్కా చేరే దారిలో మాత్రం దానికి చోటు లేదు.

పీస్ ఆర్చ్ దాటితే

అలాస్కా హైవే 1942లో, యుద్ధకాలంలో, అమెరికా సైనిక ఇంజినీర్లు ఎనిమిది నెలల్లో వేసిన రోడ్డు. అందులో మూడో వంతు పని నల్లజాతి పటాలాలది. బ్రిటిష్ కొలంబియాలోని డాసన్ క్రీక్ నుంచి అలాస్కాలోని డెల్టా జంక్షన్ దాకా సుమారు 1,387 మైళ్లు. అమెరికా వేసిన రోడ్డే గానీ, అందులో సుమారు 200 మైళ్లు మాత్రమే అమెరికా నేల మీద ఉంది. మిగతాదంతా కెనడా. అక్కడ చెల్లేది కెనడా చట్టం.

అమెరికాలో అలవాటుపడ్డవాళ్లకి కెనడా చట్టం మింగుడుపడదు. అక్కడ తుపాకులు మూడు రకాలు. మామూలు వేట రైఫిళ్లు, షాట్‌గన్‌లు మొదటి రకం, వాటికి ఆంక్షలు తక్కువ. చేతి తుపాకుల్లో ఎక్కువ భాగం రెండో రకం, ఆంక్షలున్నవి. మూడోది పూర్తిగా నిషిద్ధం. గొట్టం పొడవు 105 మిల్లీమీటర్లు, అంతకన్నా తక్కువ ఉన్న చేతి తుపాకులన్నీ ఈ మూడో రకమే. నాలుగు అంగుళాలంటే 101.6 మిల్లీమీటర్లు. అంటే జనం ఎలుగుబంట్ల కోసమని ఇష్టపడి కొనే నాలుగంగుళాల .44 రివాల్వర్ కెనడాలో నిషిద్ధ వస్తువు. ఇక రెండున్నర అంగుళాల అలాస్కన్ గురించి చెప్పేదేముంది!

పొడుగు గొట్టం ఉన్నదైతే ఒకప్పుడు దారి ఉండేది. సరిహద్దులో డిక్లరేషన్ ఫారం నింపి, రుసుము కట్టి, రవాణా అనుమతి ముందే తెచ్చుకుని, ట్రిగ్గర్‌కి తాళం, పెట్టెకి తాళం వేసి తీసుకుపోయేవాళ్లు. అదీ రవాణాకే, నడుముకి కట్టుకుని తిరగడానికి కాదు. ఆ దారి కూడా మూసుకుపోయింది. 2022 ఆగస్టు 19 నుంచి చేతి తుపాకుల దిగుమతి ఆపేశారు. అక్టోబరు 21 నుంచి దేశంలో కొనడం, అమ్మడం, చేతులు మారడం స్తంభింపజేశారు. 2023 డిసెంబరు 15న సి-21 బిల్లు చట్టమై ఆ ఆంక్షలని స్థిరపరిచింది. మినహాయింపులు కొద్దిమందికే. ఎలుగుబంటి భయమున్న యాత్రికుడు ఆ కొద్దిమందిలో లేడు.

"మరి కెనడావాళ్లు అడవుల్లో ఏం చేస్తారు? వాళ్లకి ప్రాణం మీద తీపి లేదా?" అని అడిగాడు మావాడు. న్యాయమైన ప్రశ్నే. చేతి తుపాకీ వెంట పెట్టుకు తిరగడానికి వాళ్ల చట్టంలో ఒక అనుమతిపత్రం ఉంది. రెండే కారణాలకి ఇస్తారు. ఒకటి, ప్రాణానికి ముప్పు ఉండి పోలీసు రక్షణ సరిపోదని తేలితే. అది అరుదులో అరుదు. రెండు, వృత్తికి అవసరమైతే. బ్యాంకు డబ్బు తరలించే వ్యాన్ గార్డులు, ఉచ్చులు పన్ని జంతువులని పట్టేవాళ్లు, మారుమూల అడవుల్లో ఖనిజాలు వెతికేవాళ్లు ఈ కోవలోకి వస్తారు. సెలవులకి నడక కోసం అడవికి వెళ్లే కెనడా పౌరుడికే ఇది రాదు. అతను షాట్‌గన్ పట్టుకెళతాడు, లేదా మిరియపు స్ప్రే పట్టుకెళతాడు.

అమెరికాలో 1986 నాటి ఒక ఫెడరల్ చట్టం ఉంది. తుపాకీ ఖాళీ చేసి, చేతికి అందకుండా తాళం వేసి ఉంచితే, మధ్యలో కఠినమైన రాష్ట్రాలున్నా దాటిపోవచ్చు అంటుంది. కొందరు దీన్నే పట్టుకుని "దారిలోనే కదా, దిగేది లేదు కదా" అని కెనడాకీ అన్వయించుకుంటారు. ఆ చట్టం సరిహద్దు గేటు దగ్గర ఆగిపోతుంది. కెనడా అధికారి తుపాకులున్నాయా అని అడిగినప్పుడు లేవని చెప్పి, తర్వాత సోదాలో దొరికితే తుపాకీ పోతుంది, కారు కూడా పట్టుకోవచ్చు, పైన క్రిమినల్ కేసు. తెలిసీ అక్రమంగా దిగుమతి చేయడం జైలు శిక్ష పడే నేరం.

మనవాళ్లకి ఇంకో ముడి

ఇక్కడిదాకా అమెరికావాళ్లందరికీ వర్తించేదే. మన తెలుగువాళ్లలో చాలామందికి ఇంకో ముడి ఉంది. మా కుర్రాడు హెచ్-1బి మీద ఉన్నాడు. గ్రీన్ కార్డు వరసలో నిలబడి ఏళ్లయింది. ఫెడరల్ చట్టం ప్రకారం వలసేతర వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోకూడదు. హెచ్-1బి, చదువుకునే ఎఫ్-1, రెండూ ఇందులోకే వస్తాయి. రేంజ్‌లో అద్దెకి తీసుకుని కాల్చినా ఆ కాసేపూ అది దగ్గర ఉన్నట్టే లెక్క. మినహాయింపుల్లో ముఖ్యమైనది, ఏదైనా ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు. అది ఉన్నా రాష్ట్రాలు తమ షరతులు వేరే పెట్టుకోవచ్చు. లైసెన్సు గడువు తీరిన మర్నాడు ఆ తుపాకీ మళ్లీ నేరం అవుతుంది. గ్రీన్ కార్డు వచ్చినవాళ్లకి ఈ నిషేధం లేదు.

"నీది కదా అన్నా, నా కారులో పెడితే ఏం?" అన్నాడు. దగ్గర ఉండడం అనే మాటకి కోర్టులు చాలా విశాలమైన అర్థం చెబుతాయి. తాళంచెవి ఎవరి దగ్గర ఉంది, ఎవరు తీయగలరు, ఎవరికి తెలుసు అన్నవన్నీ చూస్తాయి. తుపాకీ నేరంలో శిక్ష పడితే వలస చట్టం కింద దేశం నుంచి పంపించడానికి అదే కారణం చాలు. పదేళ్లుగా వరసలో నిలబడి, ఇల్లు కొనుక్కుని, పిల్లల్ని బళ్లో వేసుకున్నవాడికి ఎలుగుబంటి కంటే ఇది పెద్ద ప్రమాదం. ఎలుగు ఎదురవ్వచ్చు, ఎదురవకపోవచ్చు. సరిహద్దు అధికారి రెండుసార్లు తప్పకుండా ఎదురవుతాడు, పోయేటప్పుడొకసారి, అలాస్కాలోకి దిగేటప్పుడొకసారి.

తుపాకీని వేరే దారిలో అలాస్కా చేర్చే ఉపాయాలు పౌరులకి ఉన్నాయి. సియాటిల్ నుంచి నేరుగా ఎంకరేజ్‌కి విమానంలో వెళితే, ఖాళీ చేసి, గట్టి పెట్టెలో తాళం వేసి, కౌంటర్ దగ్గర చెప్పి లగేజీలో వేయొచ్చు. అదే వాంకూవర్ మీదుగా వెళ్లే టికెట్ కొంటే మళ్లీ కెనడాలో పడినట్టే. బెల్లింగ్‌హామ్ నుంచి అలాస్కా ప్రభుత్వ ఓడల మీద కారుతో సహా పోవచ్చు, కానీ హెయిన్స్‌లోనో స్కాగ్వేలోనో దిగి ఫెయిర్‌బ్యాంక్స్ వైపు వెళ్లే రోడ్డు మళ్లీ కెనడాలోకే పోతుంది. "అక్కడికెళ్లి కొనుక్కుంటాను" అంటారు కొందరు. 1968 నుంచీ చేతి తుపాకీని ఎవరి సొంత రాష్ట్రంలోనే వాళ్లు తీసుకోవాలి. వాషింగ్టన్ లైసెన్సు చూపించి ఎంకరేజ్‌లో రివాల్వర్ ఇంటికి తెచ్చుకోవడం కుదరదు.

కెనడా దారిలో చట్టం ఒప్పుకునేది పొడుగు తుపాకీ. ఆంక్షలు లేని పంపు షాట్‌గన్‌నో వేట రైఫిల్‌నో పద్ధెనిమిదేళ్లు నిండిన విదేశీయుడు సరిహద్దులో ప్రకటించి తీసుకుపోవచ్చు. 5589 నంబరు ఫారం మూడు కాపీలు నింపాలి, సంతకం మాత్రం అధికారి ఎదురుగానే చేయాలి. రుసుము 25 కెనడా డాలర్లు, అరవై రోజులు చెల్లుతుంది. మారుమూల అడవిలో జంతువుల నుంచి రక్షణ కోసం అనే కారణాన్ని వాళ్లు గుర్తిస్తారు, అధికారికి నమ్మకం కలిగితే. తిరిగి వచ్చేటప్పుడు అది మనదేనని చూపడానికి బయల్దేరే ముందే అమెరికా కస్టమ్స్ దగ్గర 4457 ఫారం మీద ముద్ర వేయించుకోవడం మంచిది.

డబ్బాలో మిరపకాయ

ఇక మిగిలింది మిరియపు స్ప్రే. దీన్ని వినగానే నవ్వేవాళ్లని చూశాను. గుంటూరు కారం చూసి పెరిగినవాళ్లం, మనమైనా నవ్వకూడదు. టామ్ స్మిత్, స్టీఫెన్ హెరెరో అనే ఎలుగుబంట్ల శాస్త్రవేత్తలు, వాళ్ల సహచరులు 2008లో అలాస్కాలో స్ప్రే వాడిన 83 సంఘటనలు పరిశీలించారు. గోధుమరంగు ఎలుగుల్ని నూటికి 92 సార్లు, నల్లవాటిని 90 సార్లు అది ఆపింది. దగ్గరగా ఎదురైన సందర్భాల్లో స్ప్రే చేతిలో ఉన్నవాళ్లలో నూటికి 98 మంది గాయం లేకుండా బయటపడ్డారు. 2012లో వాళ్లే తుపాకులు వాడిన 269 సంఘటనలు చూశారు. చేతి తుపాకులు నూటికి 84 సార్లు, పొడుగు తుపాకులు 76 సార్లు పనిచేశాయి. తుపాకీ ఉండి కాల్చినవాళ్లకీ, ఉండి కాల్చనివాళ్లకీ ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. రెండు అధ్యయనాల్లోని సందర్భాలు ఒకే రకం కావు కాబట్టి అంకెల్ని పక్కపక్కన పెట్టి తీర్పు చెప్పడం తొందరపాటు. కానీ స్ప్రే బొమ్మ కాదని మాత్రం తెలుస్తుంది. గుండు తగలాలంటే గురి కావాలి, మిరపపొగ మబ్బుకి అంత అవసరం లేదు.

జంతువుల కోసం అని స్పష్టంగా రాసి ఉన్న స్ప్రేని కెనడా రానిస్తుంది. మనుషుల మీద చల్లే పెప్పర్ స్ప్రే అక్కడ నిషిద్ధం, హ్యాండ్‌బ్యాగులో మర్చిపోయి తీసుకెళ్లొద్దు. స్ప్రే డబ్బాని విమానం ఎక్కించరు. దోమల మందులా బట్టల మీద, గుడారం మీద చల్లుకోకూడదు.

చివరికి మేం రివాల్వర్ ఇంట్లో సేఫ్‌లో పెట్టి తాళం వేశాం. నేను పౌరుణ్ణి కాబట్టి షాట్‌గన్ తీసుకెళ్లగలిగేవాణ్ణి, కానీ ఒకే కారులో వెళుతున్నాం, అతని వీసాతో పందెం కాయడం నాకిష్టం లేదు. పెద్దవాళ్లు నలుగురం, నాలుగు స్ప్రేలు. బయల్దేరేముందు గడువు తీరిన పాత డబ్బా ఒకటి పెరట్లో గాలివాలు చూసుకుని అందరిచేతా నొక్కించాను. పిల్లలకి ఒకటే పాఠం: ఎలుగుని చూస్తే పరిగెత్తొద్దు, పెద్దవాళ్ల వెనక్కి రావాలి. అన్నం గిన్నెలు, ఆవకాయ సీసా, టూత్‌పేస్టుతో సహా వాసన ఉన్నవన్నీ రాత్రి కారులో, తలుపులు వేసి.

లియార్డ్‌కి ముందు రోడ్డు పక్కన నల్ల ఎలుగు ఒకటి కనిపించింది. పసుపుపచ్చ పూలు మేస్తూ, మావైపు ఒకసారి చూసి, మళ్లీ మేతలో పడింది. అద్దాలు దించకుండా రెండు నిమిషాలు చూశాం. "మా ఊరిదానికంటే పెద్దదేమీ కాదన్నా" అన్నాడు మావాడు, గొంతు తగ్గించి. వేడినీటి బుగ్గ దాకా చెక్కబాట మీద నడిచేటప్పుడు మాత్రం అతని చెయ్యి స్ప్రే మీదే ఉంది. నా చెయ్యి కూడా.